నీలం సాకెట్ వెనక చిక్కిన తెలుగు

ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో తెలుగు నిన్న మొన్న వినిపించిన భాష కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ స్టేషను, వర్క్‌షాపు కట్టిన కాలంలోనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి కుటుంబాలు వచ్చి రైల్వే కొలువుల్లో చేరాయి. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇక్కడి మనుషులే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది. ఖరగ్‌పూర్‌లోని తెలుగు జనాభాయే దానికి ముఖ్య కారణం. సొంత రాష్ట్రానికి దూరంగా ఇన్నాళ్లు భాషను నిలుపుకున్న సమాజం రాసుకున్నదీ తక్కువేమీ ఉండదు. ఉగాది సంచికలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, నాటకాల ప్రతులు, శుభలేఖలు, సంఘం సభ్యుల జాబితాలు ఉంటాయి. 1990ల చివరి నుంచి ఓ పదిహేనేళ్లపాటు ఇలాంటివి ఎక్కువగా డీటీపీ కంప్యూటర్ల మీద తయారయ్యాయి. ముద్రించిన కాగితం చెదలు తినేసినా, దాని అసలు ఫైలు ఏ ఇంటి అటక మీదో, మంచం కిందో ఉన్న పాత కంప్యూటర్‌లో ఇంకా పడి ఉండవచ్చు.

ఆ కంప్యూటర్‌ను బయటకు తీసినవారికి మొదట అడ్డుపడేది తెర. పెట్టె పనిచేస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, హార్డ్ డిస్క్ చప్పుడు వినిపిస్తుంది. పాత గాజుబుడ్డి మానిటర్ మాత్రం ఎప్పుడో పోయింది. కొత్త మానిటర్ తెచ్చి చూస్తే దాని వెనక హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ సాకెట్లే కనిపిస్తాయి. కంప్యూటర్ వెనక ఉన్నది మూడు వరుసల్లో పదిహేను రంధ్రాల నీలం సాకెట్. రెండూ కలవవు. ఇక్కడే చాలామంది ఆశ వదులుకుని పెట్టెను పాత సామాన్లవాడికి తూకానికి వేసేస్తున్నారు. బతికి ఉన్న యంత్రాన్ని, అందులోని రాతను ఒక ప్లగ్గు కుదరలేదని పోగొట్టుకోవడం నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆ రెండు సాకెట్ల మధ్య ఉన్న దూరం ఏమిటో తెలిస్తే దాన్ని దాటడం కొన్ని వందల రూపాయల పని.

హార్డ్ డిస్క్‌ను విప్పి, యూఎస్‌బీ అడాప్టర్‌తో కొత్త కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లు తీసుకోవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. కానీ తెలుగు డీటీపీ ఫైళ్ల విషయంలో అది సగం పనే. ఆ రోజుల్లో పేజ్‌మేకర్‌లో కూర్చిన తెలుగు, ఇవాళ ఫోన్లు, కంప్యూటర్లు చదివే యూనికోడ్ తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు అక్షరాల ముక్కలు, అంటే తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు అమర్చిన ఫాంట్లతో రాసినవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల గుట్ట కనిపిస్తుంది. పైగా కొన్ని భారతీయ భాషల సాఫ్ట్‌వేర్లు ప్రింటర్ పోర్టుకు తగిలించే తాళం బిళ్ల ఉంటేనే నడిచేవి. ఆ పోర్టు ఈనాటి ల్యాప్‌టాప్‌లలో లేనే లేదు. కాబట్టి ఆ ఫైలు, ఆ ఫాంటు, ఆ తాళం, ఆ విండోస్ అన్నీ కలిసి ఉన్న పాత యంత్రమే నడవాలి, దాని తెర వెలగాలి.

ఆ నీలం సాకెట్‌ను దగ్గరగా చూద్దాం. ఐబీఎం కంపెనీ 1987 ఏప్రిల్‌లో తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చిన వీజీఏ పద్ధతి ఇది. పదిహేను పిన్నుల్లో మొదటి మూడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులవి. ప్రతి రంగుకూ తిరుగుదారిగా ఒక భూమి తీగ ఉంటుంది. పదమూడో పిన్ను ‘ఇక్కడితో గీత అయిపోయింది, తర్వాతి గీత మొదలుపెట్టు’ అని చెబుతుంది. పద్నాలుగోది ‘తెర మొత్తం అయిపోయింది, మళ్లీ పైనుంచి రా’ అని చెబుతుంది. పన్నెండు, పదిహేను పిన్నులు తర్వాతి కాలంలో కంప్యూటర్‌కు, మానిటర్‌కు మధ్య మాటలకోసం కేటాయించినవి. తొమ్మిదో పిన్ను చాలా కేబుళ్లలో ఉండదు. అది విరిగిపోయిందని కంగారు పడనక్కర్లేదు, మొదట్లో దాన్ని కావాలనే ఖాళీగా వదిలేవారు.

రంగుల తీగల్లో ప్రవహించేది అంకెలు కాదు, వోల్టేజీ. సున్నా వోల్టులైతే నలుపు, 0.7 వోల్టులైతే ఆ రంగు పూర్తి వెలుగు, మధ్యలో ఎంతైనా దానికి తగ్గ ఛాయ. దీన్నే అనలాగ్ సిగ్నల్ అంటాం. విచిత్రమేమిటంటే దీనికి ముందున్న పద్ధతులు డిజిటల్‌వే. 1981 నాటి సీజీఏలో నాలుగు తీగలు కలిసి 16 రంగులు చూపేవి. 1984 నాటి ఈజీఏలో ఆరు తీగలుండేవి, 64 రంగుల్లోంచి 16 ఎంచుకోవచ్చు. ప్రతి తీగా ‘ఉంది’ లేదా ‘లేదు’ అని మాత్రమే చెప్పగలదు. వీజీఏ ఒక్కో రంగుకు 64 మెట్లు పెట్టి, మొత్తం 2,62,144 రంగులకు దారి తీసింది. పాత పద్ధతిలోనే అయితే రంగులకే 18 తీగలు కావాలి. వోల్టేజీని మెట్లు మెట్లుగా మార్చి పంపితే మూడే తీగలు చాలు. ఆనాటికి అనలాగ్ వైపు వెళ్లడమే ముందడుగు. ఇవాళ మనం దాన్ని పాతబడిన పద్ధతిగా చూస్తున్నాం గాని, అది ముప్పై ఏళ్లకు పైగా నిలిచింది.

ఇక వేగం సంగతి. వీజీఏ ప్రాథమిక చిత్రం 640 నిలువు వరుసలు, 480 అడ్డు గీతలు. గీతకూ గీతకూ మధ్య ఖాళీతో కలిపి లెక్కిస్తే ఒక గీతకు 800 పిక్సెళ్ల సమయం, ఒక తెరకు 525 గీతల సమయం పడుతుంది. పిక్సెల్ గడియారం సెకనుకు 2,51,75,000 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 800తో, 525తో భాగిస్తే సెకనుకు దాదాపు 60 తెరలు వస్తాయి. ఒక్కో పిక్సెల్‌కు దక్కేది 40 నానోసెకన్లలోపు సమయం. 1024×768 అయితే సుమారు 15 నానోసెకన్లు. గాజుబుడ్డి మానిటర్‌కు ఈ పిక్సెళ్ల లెక్కతో నిమిత్తం లేదు. వోల్టేజీ పెరిగితే ఎలక్ట్రాన్ల ధారను పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది, గీత ముగిసిందన్న సంకేతం రాగానే వెనక్కి తిప్పుతుంది. ఒక గీతలో ఎన్ని పిక్సెళ్లున్నాయో దానికి ఎవరూ చెప్పలేదు, అది అడగలేదు.

ఎల్‌సీడీ తెరల రాకతో ఈ సుఖం పోయింది. వాటిలో పిక్సెళ్లు స్థిరంగా గాజులోనే చెక్కి ఉంటాయి. 1920 నిలువు వరుసలుంటే 1920 విలువలు ఖచ్చితంగా కావాలి. కంప్యూటర్ లోపల చిత్రం అంకెల్లో ఉంటుంది, దాన్ని వోల్టేజీగా మార్చి కేబుల్‌లో పంపుతుంది, మానిటర్ ఆ వోల్టేజీని మళ్లీ అంకెలుగా మార్చుకుంటుంది. రెండు మార్పిళ్లూ దండగే, పైగా ప్రతి మార్పిడిలోనూ కొంత స్పష్టత పోతుంది. అంకెలను అంకెలుగానే పంపే డీవీఐ 1999లో, దానికి శబ్దాన్ని కూడా జోడించిన హెచ్‌డీఎంఐ 2002లో, సమాచారాన్ని చిన్న పొట్లాలుగా కట్టి పంపే డిస్‌ప్లేపోర్ట్ 2006లో వచ్చాయి. 2010 డిసెంబరులో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ కలిసి 2015 నాటికి కంప్యూటర్లలో వీజీఏను మానేసే దిశగా వెళ్తున్నామని ప్రకటించాయి. అయినా మన దేశంలో తక్కువ ధర మానిటర్లలో వీజీఏ సాకెట్ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వస్తూనే ఉంది. కాబట్టి కన్వర్టర్ కొనేముందు కొత్త మానిటర్‌ను ఓసారి తిప్పి చూడండి. కింది అంచున, నీడలో, ఆ నీలం సాకెట్ ఉండనూ వచ్చు.

మానిటర్‌కు ఆ సాకెట్ లేకపోతే ఒక ప్రశ్న వేసుకోవాలి: తేడా ప్లగ్గు ఆకారంలో ఉందా, లోపల ప్రవహించేదాని స్వభావంలో ఉందా? ఖరగ్‌పూర్ తెలుగువారి పెద్దలకు శ్రీకాకుళం వైపు నౌపడ స్టేషను గుర్తుండే ఉంటుంది. అక్కడ హౌరా–మద్రాసు లైను పట్టాల మధ్య దూరం, అంటే గేజి, 5 అడుగుల 6 అంగుళాలు. 1900లో మొదలైన పర్లాకిమిడి లైను గేజి ఒకప్పుడు 2 అడుగుల 6 అంగుళాలు. రెండూ ఒకే స్టేషనుకు వచ్చినా ఒకదాని వ్యాగను మరోదాని మీదకు ఎక్కేది కాదు. సరుకు దించి మళ్లీ నింపాల్సి వచ్చేది. అందుకు మనుషులు కావాల్సి వచ్చేది, కూలి ఇవ్వాల్సి వచ్చేది, కొంత ఆలస్యం తప్పేది కాదు. వీజీఏకు, హెచ్‌డీఎంఐకి మధ్య ఉన్నది ఈ గేజి తేడా. డీవీఐకి, హెచ్‌డీఎంఐకి మధ్య గేజి ఒకటే, ప్లాట్‌ఫారం ఆకారమే వేరు. ఆ రెండూ ఒకే రకం డిజిటల్ సిగ్నల్‌ను వాడుకుంటాయి కాబట్టి లోపల తీగలు తప్ప ఏమీ లేని చిన్న ముక్కతో చిత్రం దాటిపోతుంది.

కంప్యూటర్ వెనక తెల్లటి వెడల్పాటి డీవీఐ సాకెట్ ఉంటే ఇంకో సంగతి గమనించాలి. దాని ఒక చివర బల్లపరుపుగా ఒక చీలిక ఉంటుంది. ఆ చీలిక చుట్టూ నాలుగు చిన్న రంధ్రాలుంటే అది డీవీఐ-ఐ, అంటే అనలాగ్, డిజిటల్ రెండూ అందులోంచి వస్తాయి. చీలిక ఒంటరిగా ఉంటే అది డీవీఐ-డి, డిజిటల్ మాత్రమే వస్తుంది. హెచ్‌డీఎంఐ మానిటర్‌కు ఈ రెంటిలో ఏదైనా సరే మామూలు అడాప్టర్‌తోనే కలుస్తుంది. 2003 తర్వాత కొన్న కొన్ని డీటీపీ యంత్రాల్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు బిగించి ఉండి, దానికి ఈ సాకెట్ ఉండే అవకాశం ఉంది. ఉంటే అంతకన్నా అదృష్టం లేదు. వీజీఏ జోలికే వెళ్లకండి.

వీజీఏ ఒక్కటే ఉంటే కన్వర్టర్ కావాలి. ఖరగ్‌పూర్ గోల్‌బజార్ లాంటి చోట దుకాణానికి వెళ్లి ‘వీజీఏ, హెచ్‌డీఎంఐ కలిపేది ఇవ్వండి’ అని అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చేది. కొత్త ల్యాప్‌టాప్‌ను పాత ప్రొజెక్టర్‌కు కలుపుకునేవారు ఎక్కువ, అందుకే దాని అమ్మకం ఎక్కువ. మన అవసరం దానికి తలకిందులు. ఈ పెట్టెలు ఒకే దిశలో పనిచేస్తాయి. ఎటు తిప్పి పెట్టినా రెండో దిశలో సిగ్నల్ వెళ్లదు. అందుకని దుకాణదారుతో ఇలా చెప్పాలి: ‘కంప్యూటర్ వైపు వీజీఏ, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది కావాలి.’ పెట్టె మీద ఇన్‌పుట్ ఏదో అవుట్‌పుట్ ఏదో రాసి ఉంటుంది, డబ్బు ఇచ్చేముందు చదవాలి.

ఇంకో మోసం కూడా ఉంది. ఒక చివర వీజీఏ, మరో చివర హెచ్‌డీఎంఐ ప్లగ్గు ఉండి, మధ్యలో ఉత్త తీగ తప్ప ఏ చిప్పూ లేని కేబుళ్లు అమ్ముతారు. సాధారణ కంప్యూటర్‌కు అవి ఎందుకూ పనికిరావు. నిజమైన కన్వర్టర్‌ను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు చాలు, దానికి కరెంటు కావాలి. వీజీఏ సాకెట్ నమ్మదగిన కరెంటు ఇవ్వదు కాబట్టి కన్వర్టర్‌కు యూఎస్‌బీ తోక ఉంటుంది, లేదా చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది. దాని పక్కన శబ్దం కోసం 3.5 మిల్లీమీటర్ల రంధ్రం కూడా తరచుగా ఉంటుంది, వీజీఏలో శబ్దం రాదు మరి. యూఎస్‌బీ తోకను కంప్యూటర్‌కే గుచ్చవచ్చు. పాత యంత్రం యూఎస్‌బీ పోర్టులు బలహీనపడి ఉంటే ఫోన్ చార్జర్‌కు గుచ్చడం మేలు. చిత్రం వచ్చి వచ్చి మాయమవుతుంటే మొదట అనుమానించాల్సింది ఈ కరెంటునే.

కన్వర్టర్ లోపల జరిగే పని ఆశ్చర్యం కలిగిస్తుంది. వీజీఏ తీగలో పిక్సెల్ గడియారం ప్రయాణించదు. గీత ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది, మధ్యలో ఎన్ని పిక్సెళ్లో తెలియదు. కన్వర్టర్ గీతల వేగాన్ని, తెరకు ఎన్ని గీతలో కొలిచి, తనలో దాచుకున్న పట్టికతో పోల్చి ‘ఇది 1024×768 అయి ఉంటుంది’ అని ఊహిస్తుంది. దానికి తగ్గ గడియారాన్ని తానే పుట్టించుకుని, ప్రతి 15 నానోసెకన్లకు ఒకసారి మూడు తీగల వోల్టేజీని కొలుస్తుంది. ఆ కొలిచే క్షణం ఒక పిక్సెల్ మధ్యలో పడాలి. రెండు పిక్సెళ్ల సంధిలో పడితే వోల్టేజీ ఒక విలువ నుంచి మరో విలువకు మారుతూ ఉంటుంది, అప్పుడు దొరికేది రెంటికీ చెందని నడిమి ఛాయ. సన్నని అక్షరాల అంచులు వణుకుతాయి, మసకబారతాయి.

దీన్ని పరీక్షించడానికి పాత విండోస్‌లోనే ఒక చక్కటి సాధనం ఉంది. విండోస్ 98లో స్టార్ట్ మెనూకి వెళ్లి షట్‌డౌన్ నొక్కితే, ప్రశ్న అడిగే చిన్న కిటికీ వెనక తెర అంతా మసకబారినట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఒక పిక్సెల్ విడిచి ఒక పిక్సెల్ నల్లగా మారి, చదరంగం పలకలా గళ్లు ఏర్పడతాయి. పక్కపక్క పిక్సెళ్లు ఇంత వేగంగా మారే బొమ్మ మామూలు పనిలో ఎదురుకాదు. షట్‌డౌన్‌కు ఒప్పుకోకుండా, రద్దు కూడా చేయకుండా ఆ తెరను అలాగే ఉంచి చూడండి. గళ్లు తెర అంతటా ఒకే రకంగా, నిలకడగా ఉంటే కొలత సరిగ్గా పడింది. నిలువుగా ఒక పట్టీ మసకగా ఉంటే, గీతకు ఎన్ని పిక్సెళ్లో వేసిన లెక్కలో ఒకటి తప్పింది. మూడు పట్టీలుంటే మూడు తప్పాయి. పట్టీలు లేకుండా తెర మొత్తం జలదరిస్తుంటే పిక్సెళ్ల సంఖ్య సరిపోయినా కొలిచే క్షణం పక్కకు జరిగింది. కన్వర్టర్ మీద ఆటో బటన్ ఉంటే ఈ తెర ఉన్నప్పుడే నొక్కాలి. నల్లటి ఖాళీ డెస్క్‌టాప్ మీద నొక్కితే దానికి కొలుచుకోవడానికి అంచులే దొరకవు. చవక కన్వర్టర్లలో ఆ బటన్ ఉండదు. అలాంటప్పుడు రిజల్యూషన్‌ను ఒకసారి మార్చి మళ్లీ పాతదానికి తెస్తే అది కొత్తగా లెక్క వేసుకుంటుంది.

చిత్రం అసలు రాకపోవడం మరో సమస్య. ప్రతి ఆధునిక మానిటర్‌లో తన గురించి తాను చెప్పుకునే కనీసం 128 బైట్ల సమాచారం ఉంటుంది. తయారీదారు ఎవరు, ఏ రిజల్యూషన్లు చూపగలదు, ఏ వేగం దాకా తట్టుకుంటుంది అన్న వివరాలు అందులో ఉంటాయి. దీన్ని ఈడీఐడీ అంటారు, 1994లో ప్రమాణంగా వచ్చింది. వీజీఏలో పన్నెండు, పదిహేను పిన్నులు దీనికోసమే. కొన్ని కన్వర్టర్లు మానిటర్ సమాచారాన్ని కంప్యూటర్‌కు చేరవేస్తాయి, కొన్ని తమ సొంత సమాచారం ఇస్తాయి, మరికొన్ని ఏమీ ఇవ్వవు. పాత కంప్యూటర్ దీన్ని ఎక్కువగా స్టార్ట్ అయ్యేటప్పుడే చదువుతుంది. అందుకే వరుస ముఖ్యం. ముందు మానిటర్ ఆన్ చేసి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఎంచుకోవాలి. తర్వాత కన్వర్టర్‌కు కరెంటు ఇవ్వాలి, అది ఫోన్ చార్జర్ నుంచి అయితే మరీ మంచిది. ఆ తర్వాతే కంప్యూటర్ ఆన్ చేయాలి. ఈ చిన్న క్రమం తప్పినందుకే బాగున్న కన్వర్టర్లు తిరిగి దుకాణాలకు వెళ్తుంటాయని నా అనుమానం.

మొదట వచ్చే నల్లటి తెర మీది తెల్లని రాతలు కనిపించకుండా, విండోస్ తెర నేరుగా వస్తే భయపడనక్కర్లేదు. ఆ మొదటి రాతలు 720×400 పిక్సెళ్లలో, సెకనుకు 70 తెరల వేగంతో వస్తాయి. 60 తెరలకు అలవాటుపడిన కొన్ని కొత్త మానిటర్లు, కన్వర్టర్లు దాన్ని ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని తోసిపుచ్చుతాయి. విండోస్‌లోకి వెళ్లాక రిఫ్రెష్ రేటు 60 అవుతుంది, చిత్రం వస్తుంది. గాజుబుడ్డి మానిటర్ రోజుల్లో కళ్లకు హాయి కోసం ఎవరైనా 75కో 85కో పెట్టి ఉంటే అక్కడా చీకటే. అప్పుడు స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి, అందులో మామూలుగా 640×480 లాంటి తక్కువ రిజల్యూషన్, 60 వేగం వస్తుంది. అక్కడి నుంచి పాత అమరికను సరిదిద్దుకోవచ్చు.

ఇక ఆకారం. పాత తెరలు నాలుగుకు మూడు పాళ్లవి, కొత్తవి పదహారుకు తొమ్మిది పాళ్లవి. ఏమీ సరిచేయకుండా వదిలేస్తే ప్రతి అక్షరం అడ్డంగా మూడో వంతు సాగుతుంది. గుండ్రదనమే ప్రాణమైన తెలుగు అక్షరాలకు ఇది పెద్ద అన్యాయం. ‘ఠ’ కోడిగుడ్డు అవుతుంది. పేజీ అమరిక సరిదిద్దేవారు ఇలా సాగిన తెర చూసి అక్షరాల మధ్య దూరం మారిస్తే, ముద్రణలో అంతా ఇరుకైపోతుంది. మానిటర్ మెనూలో ఆస్పెక్ట్ అన్న చోట నాలుగుకు మూడు ఎంచుకుంటే రెండు పక్కలా నల్ల పట్టీలు వచ్చి అక్షరం సరైన ఆకారానికి వస్తుంది. ఆ నల్ల పట్టీలను లోపమని అనుకోవద్దు.

ఖరగ్‌పూర్ గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో మరీ ఎక్కువ. ఏళ్ల తరబడి వాడని సాకెట్ రంధ్రాల్లో లోహం మీద పొర కట్టి, రంగులు తప్పుతాయి. దీన్ని చూసి కన్వర్టర్ పాడైందని తీర్మానించకండి. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు కనిపిస్తే నీలం తీగ అందడం లేదు. గులాబీ, ఊదా కలిసినట్టుంటే ఆకుపచ్చ అందడం లేదు. నీలమూ ఆకుపచ్చా కలిసిన రంగు ఉంటే ఎరుపు లేదు. ప్లగ్గును వెలుతురులో పట్టుకుని మొదటి మూడు పిన్నుల్ని చూడండి, ఒకటి వంగి పక్కకు ఒరిగి ఉండవచ్చు. సన్నని పట్టకారుతో మెల్లగా నిలబెట్టవచ్చు. అక్షరాలకు కుడివైపు పల్చటి నీడలు కనిపిస్తే అది పిన్ను తప్పు కాదు, కేబుల్ తప్పు. వీజీఏ రంగుల తీగలు 75 ఓమ్‌ల లెక్కకు కట్టి ఉండాలి. లేకపోతే సిగ్నల్ చివరిదాకా వెళ్లి కొంత వెనక్కి తిరిగి వస్తుంది. మరీ పొడుగు కేబుల్ వద్దు. రెండు పక్కలా ఉన్న మరలు బిగించాలి. ఊరకే గుచ్చి వదిలేసిన ప్లగ్గు ఆ బరువుకు ఒరుగుతుంది.

వీజీఏకన్నా పాత యంత్రం, అంటే 1980ల నాటిది దొరికితే సంగతి వేరు. దాని వీడియో సాకెట్‌కు రెండు వరుసల్లో తొమ్మిది రంధ్రాలుంటాయి. అదే ఆకారంలో తొమ్మిది పిన్నులు బయటికి పొడుచుకుని ఉన్నది సీరియల్ పోర్టు, వీడియో కాదు. ఆ పాత సీజీఏ, ఈజీఏ సిగ్నళ్లు 5 వోల్టుల స్థాయిలో ఉంటాయి. 0.7 వోల్టులకు తయారైన వీజీఏ కన్వర్టర్‌కు నేరుగా తగిలిస్తే అది కాలిపోవచ్చు. వీటి కోసం రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఆధారంగా పాత కంప్యూటర్ల ఔత్సాహికులు ఆర్‌జీబీ-టు-హెచ్‌డీఎంఐ అనే పరికరాన్ని తయారుచేసి, దాని నిర్మాణాన్ని అందరికీ అందుబాటులో పెట్టారు. ఐఐటీ కాన్పూర్‌లో పుట్టి, ప్రభుత్వ సంస్థ సీడాక్ చేతుల్లో పెరిగిన, తెర మీద భారతీయ లిపులు చూపే జిస్ట్ కార్డు పెట్టుకున్న డాస్ కంప్యూటర్ ఎక్కడైనా దొరికితే, అది నిజంగా నిధి. దాని రాత ఇస్కీ అనే జాతీయ ప్రమాణంలో ఉంటుంది. 1991లో స్థిరపడిన ఆ ప్రమాణం నుంచి యూనికోడ్‌కు మార్చడం, డీటీపీ ఫాంట్ల నుంచి మార్చడంకన్నా ఎంతో తేలిక.

కొత్త తెర కుదిరాక, పనికిరాని పాత గాజుబుడ్డి మానిటర్‌ను పగలగొట్టి లోపలి రాగి తీసుకునే అలవాటు మాత్రం మానాలి. ఆ గాజులో సీసం ఉంటుంది, గాలి తీసేసిన బుడ్డి పగిలితే ముక్కలు ఎగిరిపడతాయి. ఈ-వ్యర్థాలు తీసుకునే నమోదైన సంస్థకే అప్పగించాలి.

తెర వెలిగాక ఏం చేయాలి? మొదటి పని నకలు తీయడం. విండోస్ ఎక్స్‌పీ అయితే పెన్‌డ్రైవ్‌ను నేరుగా గుర్తిస్తుంది, విండోస్ 98కు దాని కోసం వేరే డ్రైవర్ కావాలి. పేజ్‌మేకర్ ఫైళ్లతోపాటు ఫాంట్ల ఫోల్డర్ మొత్తం తీసుకోవాలి, ఫాంటు పోతే ఫైలు ఉన్నా లేనట్టే. రెండో పని, ఒక్కో ఫైలునూ అక్కడే తెరిచి, పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్ పెట్టి, కాగితానికి బదులు ఫైలులోకి ముద్రించడం. ఫాంట్లు కూడా అందులోకి చేరేలా చూసుకోవాలి. దాన్ని కొత్త కంప్యూటర్‌లో పీడీఎఫ్‌గా మార్చుకుంటే పేజీ ఎలా ఉండేదో అలాగే నిలిచిపోతుంది. కానీ పీడీఎఫ్‌లో కనిపించే అక్షరాన్ని వెతకలేం, తిరిగి దిద్దలేం, ఎందుకంటే లోపల ఉన్నవి ఇంకా ఆ పాత సంఖ్యలే.

యూనికోడ్‌లోకి మార్చడం మూడో పని, అన్నిటికన్నా ఓపిక కావాల్సింది ఇదే. పాత ఫాంటులో అక్షరం ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఎడమ నుంచి కుడికి నిలిచి ఉంటాయి. యూనికోడ్‌లో అవే పలికే వరుసలో ఉండాలి. మార్పిడి సాఫ్ట్‌వేర్ ఈ క్రమాన్ని తిరగరాస్తుంది గాని, ఒత్తుల దగ్గర, ముఖ్యంగా రెండు ఒత్తులు కలిసినచోట, గుడీ ఒత్తూ ఒకే హల్లును పట్టుకున్నచోట తడబడుతుంది. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘సంస్కృతి’ లాంటి మాటల్లో ఈ తప్పులు తరచుగా దొర్లుతాయి. మార్చిన పాఠాన్ని ఒక్కరే కూర్చుని చదివితే ఇవి కళ్లు తప్పించుకుపోతాయి. అందుకే పాత కంప్యూటర్‌ను కన్వర్టర్‌తో కొత్త మానిటర్‌కు కలిపి, పక్కన ల్యాప్‌టాప్‌లో యూనికోడ్ పాఠాన్ని తెరిచి, ఒకరు ఇటు చదువుతుంటే మరొకరు అటు చూస్తూ సరిచేయాలి. ఒక ఉగాది సంచికకు ఓ సాయంత్రం పడుతుంది. అంతవరకూ ఆ కన్వర్టర్‌ను తీయకండి, ఆ పాత యంత్రాన్ని ఎవరికీ ఇవ్వకండి.